ఫిల్మ్ స్కూల్లో ముగించడం నేర్పారు

ఫిల్మ్ స్కూల్ నుంచి వచ్చినవాళ్లకు సీరియల్ రాయడం చేతకాదని హైదరాబాద్ ప్రొడక్షన్ ఆఫీసుల్లో ఒక గట్టి నమ్మకం ఉంది. ఫిల్మ్ స్కూల్లో చదివి సీరియళ్లు రాసుకుంటున్న నా మొహం మీదే ఆ మాట అన్నవాళ్లున్నారు. సీరియల్ రాయడం తమ స్థాయి పని కాదని ఫిల్మ్ స్కూల్ పిల్లలకూ అంతే గట్టి నమ్మకం. ఆ మాట నా ఎదుట అన్నవాళ్లు ఇంకా ఎక్కువ. ఎందుకంటే ఇప్పుడు నేను విశాఖలోనే ఉంటున్నాను. ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ చదివేవాళ్లు, పుణెలోనో కోల్‌కతాలోనో హైదరాబాద్‌లోనో కోర్సు పూర్తిచేసి ఇంటికొచ్చినవాళ్లు ఎవరో ఒకరి ద్వారా నంబరు పట్టుకుని "అన్నా, ఒకసారి కలవొచ్చా" అని ఫోన్ చేస్తుంటారు. సిరిపురంలోనో ఎంవీపీ కాలనీలోనో టీ తాగుతూ గంట సేపు ప్రపంచ సినిమా గురించి మాట్లాడాక అసలు ప్రశ్న బయటికొస్తుంది. "సినిమా ఛాన్స్ వచ్చేదాకా సీరియల్‌కి రాయొచ్చా అన్నా? పేరు పాడవుతుందేమో?"

పాడవడానికి పేరంటూ ముందు ఉండాలి కదా తమ్ముడూ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, ఒప్పుకోనివాళ్లు ఇక్కడినుంచే పోట్లాడుకోవచ్చు. ఫిల్మ్ స్కూల్లో మనకు కథ ముగించడం నేర్పుతారు. టీవీకి కావలసింది ముగించకుండా నిలబెట్టడం. రెండోది మొదటిదానికంటే తక్కువ విద్య అని ఎవరు తేల్చారో నాకు తెలీదు గానీ, దాని మీద ఇల్లు నడుపుకుంటున్న మనిషిగా నేను ఒప్పుకోను.

స్కూల్లో రెండేళ్లో మూడేళ్లో చదివి చివర్లో డిప్లొమా సినిమా తీస్తాం. పదిహేను నిమిషాలు, మహా అయితే ఇరవై. దానికోసం నెలల తరబడి రాస్తాం, కొట్టేస్తాం, మళ్లీ రాస్తాం. ఆఖరి షాట్ ఏమిటన్న దాని మీద హాస్టల్లో తెల్లవార్లూ గొడవలు పడతాం. అదంతా మంచిదే. సీన్‌లో ఏది ఉండాలి, ఏది తీసేయాలి అన్న చూపు దానివల్లే వస్తుంది. ఆ చూపు లేక సీరియల్ రంగంలో ఇబ్బంది పడేవాళ్లను రోజూ చూస్తున్నాను కాబట్టి దాని విలువ నాకు తెలుసు. కాకపోతే అక్కడున్నన్నాళ్లూ మనల్ని ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. సరే, ఇది బాగుంది, మరి రేపేంటి? ఎల్లుండేంటి? వచ్చే శనివారం ఏంటి?

వారానికి ఆరు ఎపిసోడ్లు. గంటకు పన్నెండు నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లో ఉంది. అరగంటలో ప్రకటనలు, టైటిల్స్, నిన్నటి కథ పోగా మిగిలేది ఇరవై రెండు నిమిషాలనుకోండి. ఏడాదికి 312 ఎపిసోడ్లు, అంటే సుమారు 114 గంటలు. రెండున్నర గంటల సినిమాలు దాదాపు 46 కలిపితే ఎంతో అంత. కార్తీకదీపం 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా 1500 ఎపిసోడ్లు దాటి నడిచింది. అన్నేళ్లు ఒకే నాలుగైదు మొహాలతో, ఒకే ఇంటి హాల్లో, జనాన్ని అదే టైముకు కూర్చోబెట్టడం ఎంత కష్టమో రాసి చూసినవాళ్లకే అర్థమవుతుంది.

ఈ లెక్క చెప్పగానే "అందుకేగా క్వాలిటీ ఉండదు" అంటారు. చాలాసార్లు ఉండదు, నిజమే. సీరియళ్లన్నీ గొప్పవని నేను వాదించడం లేదు. ఒక చెంపదెబ్బను మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపించి ఉరుము శబ్దం వేసే ఎపిసోడ్లు నాచేతా రాయించారు, డబ్బులూ తీసుకున్నాను. నేననేది వేరు. ఆపకుండా సాగే కథకు దాని పనితనం దానికుంటుంది. దాన్ని మనవాళ్లు ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు. 70ల్లో, 80ల్లో వారపత్రికల్లో సీరియల్ నవలలు రాసినవాళ్లు "సశేషం" దగ్గర పాఠకుల్ని వారం రోజులు పట్టి ఆపేవాళ్లు. మా అమ్మ తరం ఆ పేజీలు చింపి, బైండు చేయించి, బీరువాలో చీరల కింద దాచుకుంది. 1984లో దూరదర్శన్‌లో హమ్ లోగ్ మొదలైనప్పుడు దాన్ని రాసింది మనోహర్ శ్యామ్ జోషి, అప్పటికే పేరున్న హిందీ రచయిత. మెక్సికోలో మిగెల్ సబీదో సీరియళ్ల ద్వారా కుటుంబ నియంత్రణ లాంటి విషయాలు జనంలోకి తీసుకెళ్లిన పద్ధతి చూసి మనవాళ్లు దాన్ని ఇక్కడికి తెచ్చుకున్నారు. మన దేశంలో సీరియల్ పుట్టినప్పుడు నడుమ కూర్చున్నది రచయితే. ఆ కుర్చీ తర్వాత ఎవరి చేతికి పోయిందన్నది వేరే కథ.

ఇప్పుడు అసలు పనితనం సంగతి. ఫిల్మ్ స్కూల్లో మొదటి రోజు నుంచీ చెవిలో పోసే మంత్రం: చెప్పకు, చూపించు. సీరియల్‌కు వచ్చాక దాన్ని తిరగరాసుకోవాలి. సీరియల్‌ను జనం చూడరు, వింటారు. ఈ ఒక్క విషయం అర్థమైతే సగం పని అయినట్టే.

కంచరపాలెంలో మా పిన్ని ఉంటుంది. రాత్రి వంట టైములోనే ఆవిడ సీరియళ్లు. టీవీ హాల్లో, ఆవిడ వంటింట్లో. ఓ రోజు నేను హాల్లో కూర్చుని ఒక సీరియల్ చూస్తున్నాను, నేను రాసింది కాదు, వేరేవాళ్లది. కోడలు ఆస్పత్రి బిల్లు చూస్తుంది, కళ్లలో నీళ్లు, బిల్లు మడిచి బియ్యం డబ్బాలో దాస్తుంది. మాట లేదు, సన్నగా వేణువు. డైరెక్టర్ ఎవరో మంచి చదువు చదివినవాడే అనుకున్నాను. వంటింట్లోంచి పిన్ని కేక: "ఏటైందిరా? ఏటీ మాటాడరేటి? కరెంటు పోనాదేటి?" గరిట పట్టుకుని గుమ్మం దాకా వచ్చేసరికి సీన్ అయిపోయింది, సబ్బు ప్రకటన వస్తోంది. "బిల్లు దాచింది పిన్నీ" అన్నాను. "ఎక్కడ దాచింది? ఎందుకు దాచింది? ఒక ముక్క చెప్పొచ్చు కదా" అని విసుక్కుంటూ బెండకాయల దగ్గరికి వెళ్లిపోయింది.

ఇక్కడ ఫిల్మ్ స్కూల్ పిల్లలు రెండు తప్పుదార్లు పడతారు. ఒకటి, "ఇలాంటి ప్రేక్షకులకు ఏం రాస్తాం" అని అలిగి వెళ్లిపోవడం. రెండోది, కోడలి చేత గోడకు చెప్పించడం: "అయ్యో, ఈ ఆస్పత్రి బిల్లు అత్తయ్యగారి కంటపడితే ఎంత ప్రమాదం! దీన్ని ఈ బియ్యం డబ్బాలో దాచేస్తాను!" ఇలాంటివి రోజూ టీవీలో వస్తూనే ఉంటాయి. మూడో దారి ఉంది, కష్టం దానిలోనే. అదే సీన్ ఇలా రాయండి. స్టీలు డబ్బా మూత తీసిన చప్పుడు. పక్కగదిలోంచి అత్తగారి గొంతు.

"ఏంటమ్మా ఆ చప్పుడు?"

"బియ్యం కొలుస్తున్నానత్తయ్యా."

కాసేపు ఏమీ వినపడదు. తర్వాత అత్తగారే, ఈసారి దగ్గరగా:

"ఇందాకే కదా వండావు. మళ్లీ బియ్యం దేనికి?"

అక్కడ ఫ్రీజ్, బొమ్మ ఆగి ఎపిసోడ్ అయిపోతుంది. కోడలు నిజం చెప్పలేదు, అయినా వంటింట్లో ఉన్న పిన్నికి అంతా తెలిసిపోయింది. ఏదో దాచింది, బియ్యం డబ్బాలో దాచింది, అత్తగారికి అనుమానం వచ్చింది. చూసేవాడికి కళ్లు, వినేవాడికి చెవులు, ఇద్దరికీ రేపటి ప్రశ్న. ఆకాశవాణి నాటికలు రాసినవాళ్లకు ఈ పని కొట్టినపిండి. విశాఖ కేంద్రం నాటికలు వింటూ పెరిగిన తరం ఈ ఊళ్లో ఇంకా ఉంది. వాళ్లలో ఎవర్నైనా పట్టుకుని ఓ సాయంత్రం కూర్చుంటే, చప్పుడుతో గది కట్టడం ఎలాగో ఏ వర్క్‌షాపూ చెప్పనంత బాగా చెప్తారు.

మాటలు రాసేటప్పుడు ఇంకో ఇరుకు ఉంటుంది, బయటివాళ్లకు తెలీదు. తెలుగు సీరియళ్లలో ముఖ్య పాత్రలు వేసేవాళ్లలో చాలామంది కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు. తెలుగు నేర్చుకుని చక్కగా మాట్లాడేవాళ్లూ ఉన్నారు, కొత్తగా వచ్చినవాళ్లకు రాదు. కెమెరా పక్కన అసిస్టెంట్ డైరెక్టర్ నిలబడి డైలాగ్ చదువుతాడు, నటి విని అంటుంది. దీన్ని ప్రాంప్టింగ్ అంటారు. తర్వాత డబ్బింగ్‌లో వేరే గొంతు. అంటే నువ్వు రాసిన వాక్యం ముందు ఒకరి నోట్లోంచి ఒకరి చెవిలోకి, అక్కడినుంచి తెలుగు రాని పెదాల మీదికి, చివరికి ఇంకొకరి గొంతులోకి పోతుంది. ఇంత ప్రయాణంలో చెడిపోకుండా నిలిచే వాక్యం పొట్టిగా ఉండాలి, ఒక ఊపిరికి సరిపోవాలి, బరువు చివర్లో ఉండాలి. మధ్యలో "అయినప్పటికీ", "ఒకవేళ" లాంటివి ఇరికిస్తే ప్రాంప్టర్ దగ్గరే తెగిపోతుంది. ఈ నియమం నాకెవరూ చెప్పలేదు. ఎడిట్ రూమ్‌లో ఓ మధ్యాహ్నమంతా కూర్చుంటే అర్థమైంది. కొత్తగా చేరేవాళ్లకు నేను మొట్టమొదట చెప్పేది అదే: స్క్రిప్టు పంపేసి పడుకోవద్దు, సెట్‌కు వెళ్లి నీ మాట ఎక్కడ తడబడుతోందో విను.

పని ఎలా సాగుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే స్కూల్లో చెప్పే రైటర్ బొమ్మకీ దీనికీ పోలిక లేదు. కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే ఒకరిది, మాటలు ఒకరివి. పైన ప్రొడక్షన్ హౌస్ క్రియేటివ్ హెడ్, ఆ పైన ఛానెల్ తరఫున సీరియల్ చూసుకునే ఈపీ, అంటే ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్, ఆ పైన ఛానెల్‌లో సీరియళ్లన్నీ చూసే ఫిక్షన్ హెడ్. నెలకు సరిపడా ట్రాక్, అంటే కథ నడక, అనుకుంటారు, దాన్ని వారాలుగా, ఎపిసోడ్లుగా కోస్తారు, ఎపిసోడ్‌లో ఏం జరుగుతుందో క్లుప్తంగా చెప్పే వన్‌లైన్ ఒప్పుకున్నాక స్క్రీన్‌ప్లే, అదీ ఒప్పుకున్నాక మాటలు. కాగితం మీద ఇది అందంగానే ఉంటుంది. గురువారం బార్క్ రేటింగులు, అంటే ఎంతమంది చూశారన్న లెక్కలు, వస్తాయి, గత వారం ఏ ఎపిసోడ్ దగ్గర జనం జారిపోయారో చూస్తారు, ఇక ఆ సాయంత్రం ట్రాక్ అటుదిటు అవుతుంది. బ్యాంకు బాగా ఉన్న సీరియల్ అయితే తట్టుకుంటుంది. బ్యాంకంటే ముందే తీసి పెట్టుకున్న ఎపిసోడ్లు. లేనివాళ్లు రాత్రి స్క్రీన్‌ప్లే పంపి పొద్దున్నకల్లా మాటలు అడుగుతారు. టెన్షన్ పడేవాళ్లకు ఈ రంగం సరిపడదు అంటుంటారు. నేను చూసినంతలో టెన్షన్ పడనివాళ్లు ఎవరూ లేరు, దాన్ని ముఖంలో కనిపించనివ్వనివాళ్లు నిలబడతారు.

ఒక సంఘటన చెప్తాను. ఏ సీరియల్ అన్నది అనవసరం. మామగారు కొడుకును నిలదీసే పెద్ద సీన్, మూడు వారాలుగా దానికోసమే కట్టుకుంటూ వస్తున్నాం, ప్రోమో కూడా పడింది. పొద్దున్నే ఫోన్: మామగారి పాత్రధారికి జ్వరం, రాడు. షూటింగ్ బంగళా అద్దె నడుస్తోంది, మిగతా ఆర్టిస్టుల కాల్షీట్లు ఆ రోజుకే ఉన్నాయి. సీన్ మార్చి గంటలో పంపాలి. కొడుకును మూసిన తలుపు ముందు నిలబెట్టాం. లోపల మామగారు ఉన్నారు, తలుపు తీయరు, ఒక్క మాటా మాట్లాడరు. కొడుకు తనంతట తానే కారణాలు చెప్పడం మొదలుపెడతాడు. ఒకటి చెప్పి, అది నిలవదని తనకే తెలిసి, ఇంకోటి చెప్పి, చివరికి అడగని తప్పు కూడా ఒప్పేసుకుంటాడు. వెనక నిలబడ్డ తల్లి అంతా వింటోంది. నిలదీత సీన్ కంటే అది బాగా వచ్చిందని యూనిట్ అంతా అంది, ఆ వారం రేటింగూ అదే అంది. పిన్ని కూడా ఫోన్ చేసి "ఆ తలుపు బాగుందిరా" అంది. డిప్లొమా సినిమాలో ఆ తలుపు నాకు తట్టేది కాదు, ఎందుకంటే అక్కడ నటుడికి జ్వరమొస్తే షూటింగ్ వాయిదా వేసుకునేవాళ్లం.

రీమేకుల మాట. పిల్లల ముఖాలు ఇక్కడే ముడుచుకుంటాయి. అవును, మన సీరియళ్లలో చాలా భాగం వేరే భాషల నుంచి వచ్చినవే. కార్తీకదీపం మలయాళం కరుత్తముత్తు నుంచి, ఇంటింటి గృహలక్ష్మి బెంగాలీ శ్రీమొయీ నుంచి, బ్రహ్మముడి కూడా బెంగాలీ నుంచే. "కాపీ కొట్టడానికా ఫిల్మ్ స్కూల్‌కి వెళ్లింది" అని అడిగినవాడున్నాడు. రీమేక్‌లో కాపీ కొట్టడం కుదరదు, అదే దాని తమాషా. బెంగాలీ, హిందీ కథల్లో మేనమామ కొడుకు అన్నయ్య అవుతాడు. తెలుగింట్లో వాడు బావ. అక్కడ అన్నాచెల్లెళ్లలా తిరిగే ఇద్దరిని ఇక్కడ యథాతథంగా పెడితే మూడో ఎపిసోడ్‌కే జనం పెళ్లి చేసేస్తారు. మేనత్త అన్న పాత్ర మన దగ్గర మామూలు చుట్టం కాదు, తన కూతుర్ని అన్న కొడుక్కి ఇవ్వాలన్న ఆశ ఉన్న మనిషి, అది తీరకపోతే కడుపుమంట ఉన్న మనిషి. ఆ ఒక్క చుట్టరికం మారితే ఆస్తి గొడవ మారుతుంది, భోజనాల దగ్గర ఎవరు ఎవరికి వడ్డిస్తారో మారుతుంది, విలన్ ఎవరో కూడా మారిపోతుంది. ఇంకొకరి కథ ఎముకలు విప్పి, మన ఇంటి బంధుత్వాలతో మళ్లీ కట్టడం కంటే మంచి స్క్రీన్‌ప్లే పాఠం నాకు తెలీదు. ఈ పని చేసే మనిషికి తెరమీద పేరు ఒక్క సెకను పడుతుంది, అది కూడా పాట మీద పరుగెత్తుతూ. దానికి మాత్రం నాకు కోపమే.

ఇంకో కోపం కూడా ఉంది, అది విశాఖ మనిషిగా. సినిమావాళ్లు మన ఊరికి సముద్రం కోసం వస్తారు. భీమిలి రోడ్డులో కొండ మీద రామానాయుడు స్టూడియో ఉంది, బీచ్ రోడ్డులో ఏదో ఒక యూనిట్ వ్యాను తరచూ కనిపిస్తుంది. సీరియళ్లు మాత్రం హైదరాబాద్ అద్దె బంగళాల్లోనే. ఆ బంగళాల్లో మనవాళ్లు మాట్లాడరా అంటే మాట్లాడతారు, పనిమనిషిగా, వాచ్‌మన్‌గా, కామెడీ కోసం పెట్టిన మావయ్యగా. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు దిగి వచ్చే ఇంటి యజమాని, పూర్ణా మార్కెట్‌లో కొట్టు నడిపే అత్తగారు, గాజువాకలో టైలరింగ్ చేసుకుని ఇల్లు నిలబెట్టిన కోడలు, వీళ్లెవరూ ప్రైమ్ టైములో కథానాయకులు కారు. అడిగితే "న్యూట్రల్‌గా పెట్టండి సార్, అన్ని జిల్లాలకూ వెళ్లాలి" అంటారు. అన్ని జిల్లాలకూ వెళ్లాలంటే ఏ జిల్లాదీ కాకూడదా? 2018లో కేరాఫ్ కంచరపాలెం వచ్చినప్పుడు ఎక్కువగా ఆ పేటలోని మనుషులే నటించారు, అక్కడి యాసే మాట్లాడారు, తెలుగు రాష్ట్రాలంతటా జనం చూశారు. సినిమా ఒప్పించినదాన్ని సీరియల్ ఎందుకు ఒప్పించలేదో నాకు అర్థం కాదు. ఛానెల్ వాళ్ల దగ్గర నేను ఈ వాదన గెలవలేదు. అత్తగారి పాత్రకు అక్కడక్కడా ఒక సామెత, ఒక విసురు మా పిన్ని నోట్లోంచి దొంగిలించి పెడుతుంటాను. పదిలో నాలుగు కొట్టేయకుండా వదిలేస్తారు.

ఇక "ఎలా మొదలుపెట్టాలి" అన్నదానికి. సినిమా స్క్రిప్టు బ్యాగులో పెట్టుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కకండి. అది ఎవరూ చదవరు. ప్రొడక్షన్ హౌస్‌కు కావలసింది నీ ప్రపంచం ఎంత లోతైనదన్న రుజువు కాదు. వాళ్ల పాత్రలు నీ చేతిలో వాళ్లలాగే మాట్లాడతాయా, చెప్పిన టైముకు వస్తాయా అన్న రుజువు. నడుస్తున్న సీరియల్ ఒకటి తీసుకో, నెల రోజులు చూడు, కాదు విను, తర్వాత ఒక వారానికి ఆరు ఎపిసోడ్ల వన్‌లైన్, వాటిలో రెండు సీన్లకు మాటలు రాసి పెట్టుకో. అడిగిన రోజు అదే చూపించు. దొరికితే ఛానెల్‌లో జూనియర్ ఈపీగా చేరడం అన్నిటికంటే మంచిదని నా నమ్మకం. రైటర్ కావాలనుకుని ఈపీగా చేరడమేంటని అడుగుతారు. రాసినవాళ్ల కాగితాలు రోజూ చదవడం, ఎందుకు కొట్టేస్తున్నారో వినడం, రేటింగ్ కాగితం చదవడం అక్కడే వస్తుంది, పైగా నెల జీతం వస్తుంది. రెండో దారి, పేరున్న మాటల రచయిత దగ్గర అసిస్టెంట్. అక్కడ పేరు పడదు, డబ్బు ఆయన దయ. అందుకే ఎన్నాళ్లో ముందే అనుకుని చేరాలి. "ఇంకో సీరియల్ రానీ, నీ పేరు వేయిస్తా" అన్న మాట నమ్మి జుట్టు నెరిసినవాళ్లు ఫిల్మ్‌నగర్‌లో కొల్లలు.

ఊళ్లో ఉన్నన్నాళ్లు పోటీల్లో ఆడే పరిషత్తు నాటికలు వదలొద్దు. కళాభారతిలో, గురజాడ కళాక్షేత్రంలో ప్రదర్శనలు పడినప్పుడు టీ కొట్టు దగ్గరే ఆగిపోకుండా లోపలికి వెళ్లి కూర్చోండి. గంటలో నలుగురు మనుషుల్ని, ఒక్క గదిలో, మాటల మీదే నడిపించడం అక్కడ కనిపిస్తుంది. సీరియల్ హాలు అంతకంటే ఏముంది?

హైదరాబాద్‌లో ఉండి తీరాలా? మొదటి కొన్నేళ్లు తప్పదు. కథా చర్చలో కాగితం మీద రాసేది తక్కువ, గదిలో మాటల్లో తేలేది ఎక్కువ, ఫోన్ స్పీకర్లో ఉన్నవాడి మాట ఎవరికీ వినపడదు. నీ మాట మీద గురి కుదిరాక విశాఖ నుంచి రాయొచ్చు, ఇప్పుడు నేను చేస్తున్నది అదే. చర్చ ఉన్న వారం వందే భారత్ ఎక్కుతాను, మిగతా రోజులు ఇక్కడే. కోవిడ్ వచ్చి ఈ అలవాటు చేసింది, కానీ 2020 మార్చిలో అదే కోవిడ్ ఇంకో సంగతి కూడా చూపించింది. షూటింగులు ఆగాయి, ఛానెళ్లు పాత ఎపిసోడ్లు వేసుకున్నాయి, ఎపిసోడ్‌కు ఇంత అని డబ్బు తీసుకునే మాకు లెక్క సున్నాకొచ్చింది. నేను రాసిన ఎపిసోడ్లే మళ్లీ వేసుకుంటున్నారు, నాకు పైసా లేదు.

ఓటీటీ ఉంది కదా అంటారు. ఉంది, అక్కడ రాసే అవకాశం వస్తే వదులుకోవద్దు. ఒక సిరీస్ ఒప్పుకుని విడుదలయ్యేసరికి రెండేళ్లు పడితే ఆ రెండేళ్లు ఇంటద్దె ఎవరు కడతారన్నది మాత్రం ముందే చూసుకోవాలి. కృత్రిమ మేధ సంగతి కూడా అడుగుతారు. 2023లో అమెరికా రచయితలు 148 రోజులు సమ్మె చేసి, యంత్రం రాసినదాన్ని రచయిత రాసినట్టు లెక్కగట్టకూడదని ఒప్పందంలో రాయించుకున్నారు. వాళ్లకు సంఘబలం ఉంది, ఒప్పందం ఉంది. మన దగ్గర ఒప్పందం కాగితం చదివే అలవాటే తక్కువ.

కాబట్టి ఆ కాగితం గురించి. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ రచయితలకు చాలా ముఖ్యం. సినిమాలాంటి దృశ్యరూపంలో చేరిన రచనకు, థియేటర్లో ప్రదర్శన తప్ప మిగతా వాడకాల మీద రచయితకు రావలసిన రాయల్టీ హక్కును వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ రాసిచ్చే వీల్లేదు. రాసిచ్చినా చెల్లదు. ఆ చట్టంలోనే ఇంకో మాట పాతది, ఎవరూ గమనించనిది: హక్కులు ఎంత కాలానికి ఇస్తున్నామో ఒప్పందంలో రాయకపోతే ఐదేళ్లని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశమని అర్థం. అందుకే వాళ్ల ఒప్పందాల్లో "శాశ్వతంగా, విశ్వమంతటా" అని ఉంటుంది. విశ్వమంతటా అని చదివి నవ్వుకుంటాం, కానీ రాసినవాడు తెలిసే రాశాడు. జీతం మీద ఉద్యోగిగా రాస్తే మొదటి హక్కు యజమానిదవుతుంది, కాబట్టి నువ్వు ఉద్యోగివా, విడిగా రాసే రచయితవా అన్నది ఒక్క వాక్యంలో తేలిపోవాలి. డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారో తేదీతో ఉండాలి. ఎపిసోడ్ ప్రసారమయ్యాకనా, నువ్వు పంపాకనా అన్నది మరీ ముఖ్యం, ఎందుకంటే రాసినవన్నీ ప్రసారం కావు. టైటిల్‌లో పేరు, ఏ శీర్షిక కింద, అన్ని ఎపిసోడ్లకూనా అన్నదీ రాయించుకోవాలి.

కిందటిసారి ఒక ప్రొడక్షన్ ఆఫీసులో ఇవన్నీ అడిగాను. మేనేజర్ కాగితం పక్కన పెట్టి, "ఇవన్నీ మీకెవరు చెప్పారండీ, రైటర్లు ఎవరూ అడగరే" అన్నాడు.

"చట్టంలోనే ఉందండీ" అన్నాను.

రెండు రోజుల తర్వాత కొత్త కాగితం పంపారు. విశ్వం అలాగే ఉంది. రాసి పంపిన తేదీ నుంచి నలభై ఐదు రోజుల్లో డబ్బు అన్న క్లాజు మాత్రం చేర్చారు, సంతకం పెట్టాను.